అటక మీది పెట్టెకు వెల

నెల్లూరు దగ్గరి వెంకటాచలంలో మా బంధువుల ఇంట్లో అటక దులుపుతుంటే ఒక అట్టపెట్టె బయటపడింది. లోపల ఇంగ్లండు కంపెనీ ఎయిర్‌ఫిక్స్ వారి, ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మ విమానం కిట్. ముక్కలు ఇంకా ప్లాస్టిక్ చట్రాల్లోనే ఉన్నాయి, ఒక్కటీ విరవలేదు. ఓడల్లో పనిచేసిన పెద్దనాన్న ఎప్పుడో తెచ్చాడట. ఎవరికోసం తెచ్చాడో, వాళ్లు ఎందుకు తెరవలేదో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఇంట్లో కుర్రాడు ఫోన్ తీసి, అదే పెట్టెకు ఎవరో విదేశీయుడు అడుగుతున్న డాలర్లు చూసి, వాటిని రూపాయల్లోకి మార్చి, "బాబాయ్, బండి కొనుక్కోవచ్చు" అన్నాడు. పాతది, దొరకనిది, కాబట్టి ఖరీదైనది. ఈ లెక్క ఆ కుర్రాడొక్కడిదే కాదు. పాత వస్తువుల గురించి పత్రికల్లో వచ్చే రాతలన్నీ దీన్నే తిప్పి తిప్పి చెబుతుంటాయి. నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కిట్‌ను కాసేపు పక్కన పెట్టి మా నెల్లూరు పొలంలో దొరికిన ఒక చిన్న కుండ దగ్గరికి వెళ్లాలి.

కిట్ల పుట్టుక అందరికీ తెలిసిన కథే, రెండు మాటల్లో ముగిస్తాను. 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ కంపెనీ 'పెంగ్విన్' పేరుతో ప్లాస్టిక్ విమానాల కిట్లు అమ్మింది. ఎగరని పక్షి పేరు, ఎగరని విమానానికి. ఎయిర్‌ఫిక్స్ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ నమూనాను ఆ ట్రాక్టర్ కంపెనీ అమ్మకందార్ల కోసం చేసింది. ఆ తర్వాత 'గోల్డెన్ హైండ్' ఓడను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఊల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మించింది. తర్వాత స్పిట్‌ఫైర్ విమానం వచ్చింది. అప్పుడు వాటిని పిల్లలు జేబులోని చిల్లరతో కొనుక్కునేవారు. అతికించి, రంగు వేసి, కొన్నాళ్లు ఆడుకుని, ఎక్కువమంది విరగ్గొట్టారు. అవి తర్వాత అరుదు కావడానికి అదే కారణం. మరి ఆ అరుదుతనం డబ్బుగా ఎప్పుడు, ఎలా మారింది? అరుదైనదేదైనా దానంతటదే ఖరీదైనదిగా మారదని మా జిల్లా కుండ సాక్ష్యం చెబుతుంది.

నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. రోమన్ చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్, రాణి ఫౌస్టీనా బొమ్మలున్నవి, క్రీస్తుశకం రెండో శతాబ్దానివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావాటిని కరిగించి ఉంటారు. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా రాబట్టాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలో రెండు ఎంచుకునే అవకాశం దొరికింది. ఆయన ఒక హేడ్రియన్‌ను, ఒక ఫౌస్టీనాను తీసుకున్నాడు. ఇదంతా ఆయన 1787 జులైలో రాసిన ఉత్తరంలో ఉంది. తర్వాత అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది.

దొరికిన ఏడాదిని చాలా పుస్తకాలు 1786 అంటాయి, కొన్ని ఉత్తరం తేదీ చూసి 1787 అంటాయి. డేవిడ్‌సన్ మాత్రం ఇది తాను గవర్నరుగా ఉండగా జరిగిందన్నాడు. ఆయన గవర్నరుగిరీ 1785 జూన్‌లో మొదలై 1786 ఏప్రిల్‌లో ముగిసింది. కాబట్టి 1787 పొరపాటు, 1785 చివరి నెలలకు అవకాశం ఉంది. అయితే 'ఇది' అన్నది నాగలికి కుండ తగలడమా, నవాబు కొడుకు నాణేలు రాబట్టడమా అన్నది ఆ వాక్యంలో తేలదు. గుట్ట పేరూ చెప్పలేదు. మా వెంకటాచలం వైపు, కృష్ణపట్నం దాకా, నేల అరచేతిలా చదును. రాళ్లగుట్ట కావాలంటే పడమటికే పోవాలి. ఇంతకు మించి అడుగు వేస్తే ఊహే అవుతుంది. కొందరు ఆ గుట్టకు పేరు కూడా పెట్టేశారు, వాళ్లతో నేను వెళ్లలేను.

ఈ సంగతి చెప్పేవాళ్లు సాధారణంగా ఒక నీతి కూడా జోడిస్తారు: పాపం, అమాయకపు రైతుకు విలువ తెలియలేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే. ఆ రైతుకు తెలియని విలువ ఏది? నెల్లూరు బజారులో ఆ రోజు బంగారానికి ఒక ధర ఉంది. కంసాలి తూచి, గీటురాయి మీద గీసి, తరుగు తీసి, మిగతా డబ్బు చేతిలో పెట్టి ఉంటాడు. ట్రేజన్ నాణెం బరువు ఏడు గ్రాముల పైచిలుకు, మేలిమి బంగారం. కంసాలి తూకంలో మోసం చేశాడేమో, అది వేరే విషయం. అంతకంటే ఎక్కువ ధర ఇచ్చే బజారు ఆ రోజున ఎక్కడుంది? డేవిడ్‌సన్ తన రెండు నాణేలకు ఎంత చెల్లించాడో ఉత్తరంలో లేదు. చెల్లించినట్టే లేదు, ఎంచుకునే అవకాశం దొరికిందన్నాడంతే. నవాబు కొడుకు వాటిని ఏమిచ్చి రాబట్టాడో కూడా లేదు. అంటే ఆ నాణేలకు 'సేకరణ విలువ' అన్నది నవాబు ఇంటికీ గవర్నరు బంగళాకూ నడుమ మర్యాదగా చేతులు మారింది, రూపాయిగా మారలేదు. ధర లేని విలువను రైతు పోగొట్టుకున్నాడనడం న్యాయం కాదు.

ఆ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపేసిన మాట మరొకటుంది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత తాజాగా ఉన్నాయట. కొన్ని బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయట. వాటిని దండకు కట్టుకునో మెడలో వేలాడదీసుకునో ఉంటారని ఆయన ఊహ. ఒకే కుండలో రెండు రకాల విలువ కట్టడం ఉందన్నమాట. చిల్లు వేసినవాడి లెక్కలో చిల్లు వల్ల నాణెం విలువ పెరిగింది, అది నగ అయింది. ఈనాటి నాణేల వ్యాపారి లెక్కలో అదే చిల్లు ధరను తెగ్గోస్తుంది. ఒకరి దృష్టిలో వాడకం విలువ, మరొకరి దృష్టిలో వాడకమే లోపం. మన ఇళ్లలో బొమ్మల కొలువు బొమ్మల సంగతీ ఇంతే. నాయనమ్మ కాలం నాటి కొండపల్లి బొమ్మకు రంగు వెలిస్తే మళ్లీ వేయిస్తాం, కొలువులో ముందు వరసలో నిలబెడతాం. సేకరించేవాడు ఆ కొత్త రంగు చూసి మొహం చిట్లిస్తాడు.

ఈ వాదానికి ఒక చిక్కుంది, దాచను. డేవిడ్‌సన్ చూసినవి మిగిలిన ముప్పై చిల్లరే, కుండలో మొత్తం ఎన్నో ఆయనా చెప్పలేదు. కరిగిపోయినవి ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. నవాబు కొడుకు అందమైనవే ఏరుకుని ఉంటే నా రెండు విలువల మాట సగం బలహీనపడుతుంది. కానీ అందమైనవే ఏరుకున్నవాడు అరిగినవీ చిల్లులవీ ఎందుకు ఉంచుకుంటాడు? ఏరకుండా దొరికినవన్నీ పట్టుకున్నట్టే నాకు తోస్తుంది.

నిజానికి అరుదుతనం ధరగా మారడంలో తేడా తెచ్చింది రాసిపెట్టిన కాగితం. నెల్లూరు నాణేలు ఒక ఉత్తరంలో కొన్ని వాక్యాలుగా మిగిలాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1,531 రోమన్ వెండి నాణేలకు ఆ గతి పట్టలేదు. నాణేల పండితుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ప్రచురించిన 'రోమన్ కాయిన్స్ ఫ్రమ్ ఆంధ్రప్రదేశ్' పుస్తకంలో అవి చేరాయి. జాబితా ఉంటేనే ఏది మామూలు, ఏది అరుదు అన్న మాటకు అర్థం. జాబితా లేనప్పుడు ప్రతిదీ అరుదే, ఏదీ అరుదు కాదు.

ఈ మధ్యలో ప్రభుత్వమూ ఒకసారి ఈ విలువకు అంకె వేసింది. దాన్ని మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే దానిలోని లోహపు విలువ, ఆపైన ఆ విలువలో ఐదో వంతు చెల్లించాలి. అంటే దాని పాతదనానికి, అరుదుతనానికి, చరిత్రకు, అన్నిటికీ కలిపి ఐదో వంతు. నెల్లూరు రైతు కుండ తవ్విన దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, చదువుకున్న ప్రభుత్వం కట్టిన వెల అది. ఆ రైతును వెక్కిరించేవాళ్లు ఈ సెక్షన్ ఒకసారి చదవాలి.

ఇప్పుడు కిట్ దగ్గరికి వద్దాం. నాణేన్ని కరిగిస్తే బంగారమైనా మిగులుతుంది. కిట్‌ను కరిగిస్తే మిగిలేది గుప్పెడు పాలిస్టైరీన్ ముద్ద. దాని వెలంతా ఆ ఐదో వంతే, కింద ఆధారపడే లోహం లేదు. అందుకే కిట్ల విషయంలో కాగితం పని ఇంకా పెద్దది. పెట్టె, సూచనల కాగితం, నీళ్లలో తడిపి అంటించే గుర్తుల కాగితం, ఇవి లేకుండా ముక్కలు మాత్రమే ఉంటే ధర బాగా జారిపోతుంది. ఎయిర్‌ఫిక్స్ తొలి స్పిట్‌ఫైర్‌ను సేకర్తలు దాని మీది 'బీటీకె' అక్షరాలతో గుర్తుపడతారు. కొన్నేళ్లలో కొత్త అచ్చు వచ్చి అది మూలన పడింది, ఇప్పుడు ఆ పాతదాని కోసమే సేకర్తలు వెతుకుతారు. ఆ సంగతి ఎవరో రాసిపెట్టకపోతే అది ఒక పాత అచ్చు మాత్రమే.

అమెరికాలో జాన్ బర్న్స్ లాంటివాళ్లు కిట్ల వెలల పుస్తకాలు వేశాక ఈ సరుకుకు మొదటిసారి ఒక బజారు భాష ఏర్పడింది. 1995లో ఈబే వచ్చాక ఆ భాషకు వేగం వచ్చింది, నిజాయితీ కొంత తగ్గింది. అడిగిన ధర అందరికీ కనిపిస్తుంది, అమ్ముడైన ధర కోసం వెతకాలి, అదీ కొన్ని నెలలకే మాయమవుతుంది. మా బంధువుల కుర్రాడు చూసింది అడిగిన ధర. అడగడానికి ఎవరైనా అడగొచ్చు. 'అచ్చులు పోయాయి' అన్న మాట కూడా అలాంటిదే. 1977లో అమెరికా కిట్ల కంపెనీ మోనోగ్రామ్ కొన్న, అరోరా అనే మరో కంపెనీ అచ్చులను తీసుకెళ్తున్న రైలు పట్టాలు తప్పిందన్న కథ ఎన్ని కిట్ల ధరలు పెంచిందో చెప్పలేం. అచ్చు ఎక్కడో బతికే ఉండి మళ్లీ పోత పోస్తే పాత కిట్ ధర ఒక్కసారిగా పడిపోతుంది. ఫ్రాగ్ అచ్చులు చాలావరకు సోవియట్ రష్యాకు చేరి 'నోవో' పేరుతో మళ్లీ కిట్లయ్యాయి. అరుదన్నది వస్తువు గుణం కాదు, ఎవడి గోదాములోనో ఉన్న ఇనుప అచ్చు దయ.

మన దేశంలో ఈ లెక్కకు మరో మెలిక. వాడుక సరుకుల దిగుమతి మీద చాలా ఏళ్లు గట్టి కట్టడి ఉండేది. చివరి 715 సరుకుల మీద పరిమితులు పోయింది 2001 ఏప్రిల్ 1న. అంతదాకా ఇలాంటి పెట్టెలు ఎక్కువగా సింగపూరు, గల్ఫు నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో, ఓడ పనివాళ్ల సంచుల్లో వచ్చాయి. ఇక్కడ అవి అరుదే, ఎవరూ కాదనరు. కానీ ఇక్కడ కొనేవాళ్లూ అరుదే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో ఇరవై నుంచి అరవై శాతానికి, 2023లో డెబ్బైకి పెరిగింది. విదేశంలో అమ్ముడైన ధరను ఇక్కడి పెట్టెకు తగిలించేవాళ్లు ఈ సుంకాన్నీ తపాలా ఖర్చునూ తమకు ఇష్టమైనప్పుడు కలుపుతారు, ఇష్టం లేనప్పుడు తీసేస్తారు.

ఇంకొకటి నాకు మింగుడు పడదు. విప్పని కిట్టే ఎక్కువ ఖరీదు. అతికిస్తే పోయింది. కట్టడానికి చేసిన వస్తువును కట్టకుండా ఉంచితేనే విలువ అనడం, మెడలో వేసుకోని నాణేన్నే మెచ్చుకోవడం, రెండూ ఒకే కొలువు బొమ్మలు. బజారు అలా చెబుతోంది కాబట్టి వెల కట్టేటప్పుడు ఒప్పుకోక తప్పదు. ఇష్టపడాల్సిన పని లేదు.

ఆ పెట్టెలో ముక్కలన్నీ సూచనల కాగితంతో సరిచూశాం, ఒక్కటీ తగ్గలేదు. గుర్తుల కాగితం మాత్రం మా నెల్లూరు ఉక్కకు పసుపు రంగుకు తిరిగింది. పెట్టె ఒక మూల చెదలు తిన్నాయి. అదే కిట్ తర్వాత చాలాసార్లు మళ్లీ వచ్చింది. అమ్ముడైన ధరలు చూస్తే బండి కాదు, బండికి టైర్లు కూడా రావు. కుర్రాడి మొహం చూసి నవ్వొచ్చింది, కానీ పెట్టెను పారేయనివ్వలేదు.

మీ అటక మీద ఇలాంటిది దొరికితే తెరవకముందు నాలుగు వైపులా ఫోటో తీయండి. తెరిచాక ముక్కలు లెక్కపెట్టండి, అడిగిన ధరలు వదిలేసి అమ్ముడైన ధరలు మాత్రమే రాసుకోండి. ఆ పైన ఒక తెల్లకాగితం మీద, ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి, సుమారు ఏ ఏడు అన్నది ఇంట్లో గుర్తున్న పెద్దవాళ్లను అడిగి, వాళ్లుండగానే రాసి, పెట్టె లోపల పెట్టండి.