తీరంలో పాదరసం, తీగ మీద కబురు
1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచెత్తింది. నెల తిరక్కుండానే, నవంబరు 1న బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. బందరులోనే ముప్పై వేల మంది పోయారని అంచనా. బారోమీటర్ లేక ఇంత నష్టం జరిగిందని అనడానికి వీల్లేదు. టోరిచెల్లి గాజు గొట్టంలో పాదరసం నిలబెట్టి బారోమీటర్ చేసి అప్పటికి రెండు శతాబ్దాలు దాటింది. మద్రాసు వేధశాలలో 1796 నుంచే వాతావరణ పరిశీలనలు రాసిపెడుతున్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. పరికరాలూ ఉన్నాయి, ఓపికగా చూసే కళ్లూ ఉన్నాయి. లేనిదల్లా వేర్వేరు ఊళ్ల అంకెలను ఒకే రోజు, ఒకే చోట పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు. తుపాను హెచ్చరికను పుట్టించింది ఆ ఏర్పాటే తప్ప పరికరం కాదని నా వాదన.

ఎందుకంటే ఒక్క ఊరి పీడనం చాలా మోసం చేస్తుంది. సముద్రమట్టానికి దగ్గర్లో ఎనిమిది మీటర్లు పైకెక్కితే పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. ఎండకు పాదరసం వ్యాకోచిస్తే ఆ మేరకు లెక్క సరిచేయాలి. పైగా మన ఉష్ణమండలంలో గాలికి కూడా ఆటుపోట్లున్నాయి. పీడనం ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ పెరుగుతుంది, తెల్లవారుజాము నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తగ్గుతుంది. ఏ తుపానూ లేని రోజునే రెండు మూడు హెక్టోపాస్కళ్ల తేడా వస్తుంది. కాబట్టి అందరూ ఒకే వేళకు చూడాలి, ఒకే పద్ధతిలో సముద్రమట్టానికి తెచ్చి రాయాలి, టెలిగ్రాఫ్ తీగ మీద వెంటనే పంపాలి. 1864 కలకత్తా తుపానూ, తరవాత 1866లో, 1871లో వర్షాభావమూ ప్రభుత్వాన్ని కదిలించాయి. 1875లో వాతావరణ శాస్త్రవేత్త హెన్రీ బ్లాన్‌ఫర్డ్ చేతికి దేశం మొత్తానికి ఒకే వాతావరణ శాఖ వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. తుపానుకు ‘సైక్లోన్’ అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్, ఒక్క బారోమీటరూ గాలి దిక్కూ చూసుకుని గండం తప్పించుకోవచ్చని నావికులకు నేర్పాడు కదా? నేర్పాడు, ఎందరికో ఆ పాఠం అక్కరకొచ్చింది కూడా. అయితే ఓడ దారి మార్చుకోగలదు, తీరంలోని దివిసీమ చోటు మార్చుకోలేదు. పీడనం ఏటవాలుగా పడిపోయేది తుపాను కేంద్రానికి దగ్గర్లోనే. అది కనిపించేసరికి ఊరు ఖాళీ చేయడానికి మిగిలేవి కొద్ది గంటలే. 1885 సెప్టెంబరు 22న ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్ దీపస్తంభం దగ్గర 919 హెక్టోపాస్కళ్లు నమోదైంది. శాస్త్రానికి అది అమూల్యం. ఆ తీరం మనుషులకు మాత్రం అప్పటికే తుపాను నెత్తిమీదికి వచ్చేసింది.

ఉపగ్రహాలుండగా ఇంకా నేలమీది పీడనం దేనికని నేడు అడిగేవారున్నారు. ఉపగ్రహం మేఘాల తీరు చూసి తుపాను బలాన్ని అంచనా కడుతుంది. ఆ అంచనా ఎంత నిజమో తేల్చేది కింద కొలిచిన అంకె. ఇప్పుడు పాదరసం స్థానంలో సిలికాన్ పొర ఉంది. గాలి ఒత్తిడికి అది వంగితే విద్యుత్ సంకేతం మారుతుంది, మనిషి లేకుండానే కబురు వెళ్తుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర కొలత కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది. ప్రామాణిక పరికరంతో సరిపోల్చే పనిని వాయిదా వేస్తే, ఒక హెక్టోపాస్కల్ తగ్గించి చెప్పే కేంద్రం వాతావరణ పటంలో లేని అల్పపీడనాన్ని గీసిపెడుతుంది. కొత్త కేంద్రాలు ఎన్ని పెట్టామన్న లెక్కతో పాటు, పాతవాటిని ఎప్పుడు సరిచూశామన్న తేదీ కూడా ప్రతి కేంద్రం పక్కన రాసి ఉండాలి.