గౌతమి మోసుకొచ్చే బరువు

గోదావరి పాయ గౌతమి ఎడమ గట్టును ఆనుకొని ఉన్న ఆలమూరు ప్రాంతంలో వరద తీవ్రతను ఎగువన ధవళేశ్వరం వద్ద నమోదయ్యే క్యూసెక్కులతో, అంటే సెకనుకు పారే ఘనపుటడుగుల నీటితో, అంచనా వేయడం ఆనవాయితీ. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ అవుతాయి. నీటితోపాటు కొట్టుకొచ్చే ఇసుక, బురద, దుంగల లెక్క మాత్రం ఆ అంకెల్లో కనిపించదు.

పాపికొండల ఇరుకు దాటిన గోదావరికి మైదానంలో వాలూ వేగమూ తగ్గడం వల్ల ముతక ఇసుక ముందుగా అడుగుకు దిగి మేట వేస్తుంది. లంకలను, అంటే నది మధ్య దిబ్బలను, ముంచిన నీరు తీసేటప్పుడు ఒండ్రు, అనగా సన్నని సారవంతమైన బురద, పొరగా మిగిలిపోతుంది. చుట్టలకు పేరుపడిన లంక పొగాకు ఈ ఒండ్రు నేలల్లోనే పండింది. రైతుకు కలిసొచ్చిన ఆ మేటే నదికి అడ్డు: అడుగు పైకి లేచిన చోట అంతే నీరు మునుపటికంటే ఎత్తుగా పారుతుంది, పక్కకు మళ్లిన పాయ ఎదుటి ఒడ్డును కోస్తుంది. ఆలమూరు ప్రాంతంలోని బడుగువానిలంక వంటి ఊళ్లకు ఈ కోత కొత్తది కాదు.

ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించినప్పుడు, ఇసుకను దిగువకు తోసివేసే తూములు కూడా అందులో పెట్టించాడు. మేట బెడద ఆయనకు తెలుసన్నమాట. ఆ ఆనకట్ట స్థానంలో 1982 నాటికి 175 గేట్ల బ్యారేజీ పూర్తయింది. ఎగువ జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడంతో 1970లతో పోలిస్తే 1990లలో నదిలో దాని రాక సగానికన్నా ఎక్కువగా తగ్గింది, డెల్టా తీరంలో సముద్రం ముందుకు రావడానికి అదొక కారణమైంది. అయినా పాత మేటలు కరిగిపోలేదు. వాటిపై చెట్లూ పొదలూ పెరిగితే ప్రవాహం మరింత మందగించి, కొత్త ఇసుక అక్కడే ఆగుతుంది.

దుంగల కథ వేరు. ఒకప్పుడు భద్రాచలం అడవుల టేకును తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరానికి నదిమీదే దింపేవారు. వరదలో మాత్రం వేళ్లతో సహా కూలిన మానులు ఉపనది శబరి మీదుగా అదుపు లేకుండా కొట్టుకొస్తాయి. పెద్ద వరదకు బ్యారేజీ గేట్లను పూర్తిగా ఎత్తివేస్తారు గనుక చాలావరకు దిగువకు సాగిపోయినా, వంతెన స్తంభాల దగ్గరో లంక చెట్ల మధ్యనో ఒక మాను చిక్కుకుంటే దానికి తుక్కు, గుర్రపుడెక్క చేరి నీటిదారి ఇరుకవుతుంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు గోదావరి గట్లకు గండ్లు పడ్డాయి. 2022 జూలైలో ప్రవాహం సుమారు 26 లక్షల వద్దే ఆగినా లంకలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. గట్లు ఎత్తు చేయడం మీద పెట్టిన శ్రద్ధ అడుగున ఉన్న మేటల మీద కనిపించదు. ఇసుక తవ్వకమైనా ఎక్కువగా లారీ సులువుగా దిగే రేవుల్లోనే సాగుతుంది తప్ప, నీటికి అడ్డుపడే మేటల దగ్గర అంతగా కాదు.