కేంబ్రిడ్జి పాషండుల సంఘము



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము విన్నంతనే మీలో కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. దేవుడు లేడనియు, మనుష్యునకు మనుష్యుడే దిక్కనియు తలచిన విద్యార్థులు ఒక విశ్వవిద్యాలయమున కూడి నడపిన సంఘము చరిత్ర యిది. అట్టివారి కథ మనకేల యని విముఖులు గావలదని నా ప్రార్థన. మన పూర్వులు నాస్తికుని మాట వినుటకు జంకినవారు కారు. విజయనగర కాలమున మాధవాచార్యులు సర్వదర్శన సంగ్రహమును రచించుచు మొట్టమొదట చార్వాక దర్శనమునే నిలిపిరి. ఖండింపదలచిన మతమునైనను ముందుగా దాని వాదమును నిండుగా చెప్పి, పిమ్మట సమాధానము చెప్పుట మన శాస్త్రముల మర్యాద. దీనినే పూర్వపక్షమందుము. ఈ మాటను మనస్సున నుంచుకొన్నచో నేను చెప్పబోవు దూరదేశపు కథ మీకు దగ్గరగానే తోచును.

ముందు నా సంగతి కొంత చెప్పవలెను. 50 యేండ్ల క్రిందట నేను కళాశాలలో చదువుచుండగా మేము 17 మందిమి చేరి హేతువాద సంఘమొకటి స్థాపించితిమి. మా యుత్సాహమునకు మేర లేదు. నియమములు వ్రాయు భారము నాపై బడెను. దైవమును నమ్మువారికి ఈ సభలో ప్రవేశము లేదని మొదటి నియమముగా వ్రాసితిని. అందరు చప్పట్లు కొట్టిరి. ఆ వేసవికి ఇల్లు చేరగా, మా రామాలయమున 30 యేండ్లు పురాణము చెప్పిన మా నాన్నగారు సంగతి యంతయు విని, కోపింపక, “ఒరే అబ్బాయీ, పట్నము వచ్చినపుడు నేనును మీ సభకు వచ్చి ఒక మూల కూర్చుండవచ్చునా?” అని యడిగిరి. నియమము ఒప్పదని చెప్పితిని. “సరేలే” యని వారు పడకకుర్చీలో వెనుకకు వాలిరి. మా సంఘమేమయ్యెనో తరువాత చెప్పెదను. కేంబ్రిడ్జి కథ నేను చదివినది అది ముగిసిన చాల యేండ్లకు.

కేంబ్రిడ్జి లండనుకు ఉత్తరముగా సుమారు 50 మైళ్ల దూరమున నున్న పురాతన విద్యానగరము. మన కట్టమంచి రామలింగారెడ్డిగారు చదివినదియు, గణితవేత్త శ్రీనివాస రామానుజులు 1914 మొదలు 1919 వరకు నుండినదియు నచ్చటనే. అందలి ప్రతి ప్రాచీన కళాశాలకును ఒక ప్రార్థనామందిరము కలదు. మన యగ్రహారములలో చదువును ఆచారమును విడదీయరానివై యున్నట్లే అచ్చటను చిరకాలము విద్యయు మతమును ఒక్క కప్పు క్రిందనే పెరిగినవి. విద్యార్థి ప్రార్థనకు రాకున్న శిక్ష. ఇంగ్లండు ప్రభుత్వ మతమునకు చెందినవాడనని యొప్పుకొననివానికి పట్టము లేదు. ఆ మతమునకు 39 సూత్రములు కలవు. ఉపాధ్యాయ పదవి కోరువాడు వానికి చేవ్రాలు చేయవలెను.

ఈ కట్టుబాటును మీరినవారి గతి యెట్టిదో ఆక్స్‌ఫర్డులో 1811లో జరిగిన యొక్క సంగతి చాలును. షెల్లీ యను కవి అప్పుడు 18 యేండ్ల విద్యార్థి. నాస్తికత్వమును సమర్థించు చిన్న పుస్తకమును పేరు లేకుండ అచ్చు వేయించెను. ఇది నీవు వ్రాసినదేనా యని పెద్దలు అడుగగా నతడు సమాధానము చెప్ప నిరాకరించెను. నాడే అతనిని, అతని స్నేహితుని హాగ్‌ను వెడలగొట్టిరి. వాదమునకు ప్రతివాదము చేసినవాడు లేడు.

కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల యుపాధ్యాయుడగు హెన్రీ సిడ్జ్‌విక్ మార్గము వేరు. తాను చేవ్రాలు చేసిన సూత్రములను మనస్ఫూర్తిగా నమ్మలేనని తెలిసికొని, ఎవరును అడుగకయే, 1869లో ఆ పదవిని వదలుకొనెను. నమ్మనిదానిని నమ్మితిననుటకంటె జీతము పోవుట మేలని యెంచిన యా మనుష్యుని యెడల ఆస్తికునకైనను గౌరవము కలుగక మానదు. 1871లో పార్లమెంటు చట్టము చేసి ఈ మతపరీక్షలను చాలవరకు తొలగించెను. చట్టము మారినను అలవాటు మారుటకు ఇంకను రెండు తరములు పట్టెను. ప్రార్థనకు హాజరు పిలుచు పద్ధతి అనేక కళాశాలలలో నిలిచియే యుండెను.

1909లో ఇమ్మాన్యుయేల్ కళాశాల యధ్యక్షుడగు విలియం చానర్, మతవిషయములను గూడ నిర్భయముగా పరీక్షింపవలెనని యొక వ్యాసము చదివి అచ్చు వేయించెను. పౌలు లేఖలోని మాటనే దానికి పేరుగా పెట్టుట యొక చమత్కారము. కళాశాల యధ్యక్షుడే యిట్లనవచ్చునా యని పెద్ద కలకలము బయలుదేరెను. ఆ కలకలములోనే కొందరు విద్యార్థులు ఒక సంఘము పెట్టిరి. వారిలో ముఖ్యుడు మాగ్డలెన్ కళాశాలలో చదువుచున్న 20 యేండ్ల యువకుడు, చార్లెస్ కే ఆగ్డెన్. సంఘమునకు వారు పెట్టుకొన్న పేరు ‘హెరెటిక్స్’. మన భాషలో పాషండులనవచ్చును. ఈ పేరు పడినవారిని ఐరోపాలో ఒకప్పుడు సజీవముగా దహించిరి. ఊరివారు తిట్టబోవు తిట్టును తామే ముందుగా తలపాగ వలె చుట్టుకొన్నారన్నమాట.

ఈ సంఘము నియమమును మీరు జాగ్రత్తగా గమనింపవలెను. దేవుడు లేడని ప్రమాణము చేయవలెనని అందు లేదు. మతవిషయముల చర్చలో ఏ గ్రంథము యొక్కగాని, ఏ గురువు యొక్కగాని అధికారమును ఆధారముగా చూపరాదు. సభ్యుడుగా చేరుటయే దీనికి సమ్మతించుట. మన తార్కికుల భాషలో చెప్పవలెనన్న, శబ్దప్రమాణమును వాకిట విడిచి ప్రత్యక్షానుమానములతో లోనికి రమ్మనుట. ఆస్తికుడు రావచ్చును, మాటలాడవచ్చును. తన మాటకు తానే పూచీ పడవలెను. నేను వ్రాసిన నియమమునకును దీనికిని ఎంత యంతరమున్నదో చూడుడు. నేను మనుష్యులను బయట నుంచితిని. వారు ఒక విధమగు వాదమును మాత్రమే బయట నుంచిరి.

1909 డిసెంబరులో జరిగిన ప్రారంభసభలో గ్రీకుల మతమును శోధించిన విదుషీమణి జేన్ హారిసన్ ప్రసంగించెను. ఆమెకప్పుడు 59 యేండ్లు. ‘హెరెసీ’ యను పదమునకు గ్రీకు మూలములో ‘ఎన్నుకొనుట’ యని యర్థమని ఆమె చూపెను. అందరు ఒక్కరీతి తలంపవలసిన గుంపులో తనంతట తాను ఎన్నుకొనువాడే పాషండుడు. అంతటితో నిలువక, ఎన్నుకొన్నవాడు తోడి మానవుల నుండి తెగిపోరాదనియు ఆమె హెచ్చరించెను. అదే సభలో మెక్‌టాగర్ట్ అను తత్త్వవేత్తయు మాటలాడెను. ఈయన మతము విచిత్రమైనది: ఈశ్వరుడు లేడు, కాని ఆత్మ నిత్యము, దానికి జన్మలు అనేకము. క్రైస్తవ దేశమున నిది వింతగా దోచినను, జైనులను నిరీశ్వర సాంఖ్యులను ఎరిగిన మనకు కాదు.

ఇక సంఘమును నడపుట యనగా నేమి? అందు పనిచేసినవారికే తెలియును. గొప్ప ప్రసంగములు లోకమునకు గుర్తుండును. వక్తకు మూడుసార్లు ఉత్తరము వ్రాసినవాడు ఎవరికిని గుర్తుండడు. ఆగ్డెన్ మొదట కార్యదర్శిగాను, 1911 మొదలు 1924 వరకు అధ్యక్షుడుగాను ఈ భారమును మోసెను. సభలు ఆదివారపు రాత్రులలో జరుగుచుండెను. ఒకప్పుడు చేపల యంగడిపై నున్న అతని మేడగదియే సభాస్థలము. స్త్రీలకు కేంబ్రిడ్జి 1948 వరకు పూర్ణమగు పట్టము నీయలేదు. ఈ సంఘము మాత్రము న్యూన్‌హాం, గర్టన్ కళాశాలల యువతులను సభ్యురాండ్రనుగా చేర్చుకొనెను.

నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము 1911 నాటిది. ఆ యేడు మే నెలలో బెర్నార్డ్ షా వచ్చి రాబోవు కాలపు మతమును గూర్చి ఉపన్యసించెను. దేవుడు ఇంకను సంపూర్ణుడు కాలేదు, సృష్టి ప్రయత్నముచేత ఏర్పడుచున్నాడని యతని మాటల సారము. పత్రికలలో దుమారము లేచెను. విద్యార్థి నాయకులు భయపడి తలుపులు మూసికొనవచ్చును, లేదా షా మాటలనే వేదముగా జేసికొని తిరుగవచ్చును. ఈ రెండును వారు చేయలేదు. దృఢ క్రైస్తవ విశ్వాసియు, ‘హెరెటిక్స్’ అను పేరనే 1905లో ఒక ఖండన గ్రంథము వ్రాసినవాడును అగు చెస్టర్టన్‌ను సమాధానము చెప్పుటకు పిలిచిరి. నవంబరులో ఆ స్థూలకాయుడు వచ్చి తన విశ్వాసమును నవ్వుచు నవ్వించుచు సమర్థించెను. సంఘమువారు ఆ ప్రసంగమును తామే అచ్చు వేయించిరి. తమను ఖండించిన మాటలను తమ సొమ్ముతో ముద్రింపించిన సంఘములు మన యూళ్లలో నెన్ని కలవు? నాస్తికులలో గాని ఆస్తికులలో గాని నేను ఎక్కువగా చూడలేదు.

యుద్ధము వచ్చినపుడు పరీక్ష వేరు రూపమున వచ్చెను. 1914 తరువాత దేవుని సంగతి యెవరికిని పట్టలేదు, దేశమే దైవమయ్యెను. ఆగ్డెన్ 1912లో స్థాపించిన ‘కేంబ్రిడ్జి మ్యాగజీన్’ అను వారపత్రిక, శత్రుదేశముల పత్రికలు ఏమనుచున్నవో డొరతీ బక్స్‌టన్ అను వనిత పర్యవేక్షణమున అనువదించి ప్రకటింప సాగెను. శత్రువు పూర్వపక్షమును వినిపించుటయే ద్రోహమని జనులు మండిపడిరి. యుద్ధమును వ్యతిరేకించిన బెర్ట్రాండ్ రస్సెల్‌ను 1916లో ట్రినిటీ కళాశాల అధ్యాపక పదవి నుండి తొలగించెను. 1918 నవంబరు 11వ తేదీన సంధి కుదిరిన దినముననే విద్యార్థుల గుంపొకటి ఆగ్డెన్ దుకాణముపై బడి ధ్వంసము చేసెను. పగులగొట్టినవారు నిరక్షరాస్యులు కారు. ఈ సంగతి తలచినపుడెల్ల, చదువు మనుష్యునకు ఓర్పు నేర్పునని మనము పిల్లలకు చెప్పు మాట నాకు కొంత బరువు తగ్గినట్లు తోచును.

సంఘము అంతటితో కూలలేదు. 1923లో జీవశాస్త్రవేత్త హాల్డేన్ అచ్చట ప్రసంగించుచు, శిశువులు తల్లి గర్భమునకు వెలుపల పెరుగు కాలము వచ్చునని ఊహించెను. ఈ హాల్డేనే 1957లో మన దేశమునకు వలస వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్ను మూసెను. 1924లో వర్జీనియా వుల్ఫ్ నవలలలోని పాత్రలను గూర్చి మాటలాడెను. ఆ యేడే ఆగ్డెన్ అధ్యక్షత వదలెను. పిమ్మట అతడు 850 మాటలతో సరళమగు ఆంగ్లమును కూర్చు పనిలో మునిగెను.

1929 నవంబరు 17వ తేదీన విట్‌గెన్‌స్టైన్ అను తత్త్వవేత్త ఈ సభలో ధర్మమును గూర్చి ఉపన్యసించెను. పరమమగు మంచిని గూర్చి మనము చెప్పజూచు మాటలన్నియు భాష యెల్లలకు తగిలి తిరిగివచ్చుననియు, అది శాస్త్రము కానేరదనియు అతడు చెప్పెను. ఇంతవరకు విన్న నాస్తికులు సంతోషించి యుందురు. కాని మనుష్యుని హృదయములోని ఆ ప్రయత్నమును తాను గౌరవించుచున్నాననియు, ప్రాణము పోయినను ఎగతాళి చేయననియు ముగించెను. పాషండుల సంఘమున ఈ మాట చెప్పుటకు తావు దొరకుటయే ఆ సంఘమునకు నిజమగు కీర్తి.

1932 నాటికి సంఘము అంతరించెను. నా యభిప్రాయమున దీనికి రెండు కారణములు. ఒక్కని భుజముపై నిలిచిన పందిరి, ఆ భుజము తొలగగానే ఒరిగెను. మన భజన సమాజములలోను ఇది చూచినదే. రెండవది, పాషండుడన్న పేరు తిట్టుగా నుండుట మానెను. ప్రార్థనకు బలవంతము సడలిపోగా, రానివాడు వీరుడగుట యెట్లు?

మన దేశమున మాత్రము ఆ పేరునకు వెల తగ్గలేదు. వృక్షశాస్త్రము బోధించుచుండిన గోపరాజు రామచంద్రరావుగారు, మనమందరము గోరా యని యెరిగినవారు, నాస్తిక భావముల కారణముననే 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగము కోల్పోయిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామమున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడకు మార్చిరి. వారు మేడగదిలో వాదములు వినుచు కూర్చుండలేదు. అంటరానితనమును పోగొట్టుటకై పల్లెలలో సహపంక్తి భోజనములు నడపిరి. గాంధీగారు దైవభక్తులయ్యును ఈ నాస్తికుని పిలిపించుకొని దీర్ఘముగా సంభాషించిరి.

ఇక మా సంఘము మాట. పదునేడుగురము ఒకరి మాటకొకరు తలలూపుచు ఎనిమిది నెలలు గడపితిమి. కాదనువాడు లేనిదే చర్చ యెట్లు సాగును? తరువాత ఆరుగురు, పిమ్మట ముగ్గురు మిగిలిరి. ఒక సాయంకాలము నేనొక్కడనే గది తుడిచి, దీపము వెలిగించి, గంటసేపు కూర్చుండి, తాళపుచెవి కార్యాలయమున ఒప్పగించి వచ్చితిని. సెలవులకు ఇంటికి పోగా మా నాన్నగారు సంఘము కుశలమడిగిరి. మూతపడినదని చెప్పితిని.

“ఏమిరా, ఎందుకు?”

“వచ్చువారు లేక, నాన్నగారూ.”

వారు కండ్లజోడు తీసి ఉత్తరీయముతో తుడుచుకొనుచు, “నేను వచ్చెదనంటిని గదరా” అనిరి.