స్వీయ గాయం: ఔషధ చికిత్స

చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా తన ఒంటికి తానే గాయం చేసుకోవడాన్ని ఆత్మహత్యేతర స్వీయ గాయం అంటారు. ఎక్కువమందిలో ఇది కౌమారంలో మొదలవుతుంది. భరించలేని ఆవేదన కాసేపైనా తగ్గుతుందని చేసుకునే పని ఇది. నలుగురి దృష్టిలో పడటానికే చేస్తున్నారని కొట్టిపారేయడం అన్యాయం. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 దీన్ని మరింత అధ్యయనం అవసరమైన సమస్యల్లో చేర్చింది.

దీన్ని నేరుగా మాన్పించే మందు లేదు. స్వీయ గాయాన్ని తగ్గించడానికని ప్రత్యేకంగా మందులు ఇవ్వవద్దని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. అలాగని మందులతో పనే లేదనుకోకూడదు. వెనక కుంగుబాటో, ఆందోళనో, బైపోలార్ జబ్బో ఉంటే దానికి వైద్యం జరగాల్సిందే.

గాయమైనప్పుడు శరీరంలో విడుదలయ్యే ఎండార్ఫిన్ల వల్లే ఆ తాత్కాలిక ఉపశమనం కలుగుతుందన్న ఊహతో నాల్ట్రెక్సోన్‌ను వాడి చూశారు. మద్యం మాన్పించడానికి ఇచ్చే ఈ మందు, ఎండార్ఫిన్లు పనిచేసే గ్రాహకాలను అడ్డుకుంటుంది. కొందరికి గుణమిచ్చింది కానీ, జరిగిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలకు పొంతన లేదు. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మరో మందు కూడా పరిశోధన దశ దాటలేదు.

ఆటిజం ఉన్న పిల్లల సంగతి వేరు. వారిలో తీవ్రమైన చిరాకుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో రిస్పెరిడోన్‌ను, 2009లో అరిపిప్రజోల్‌ను అనుమతించింది. తమను తాము గాయపరచుకోవడం కూడా ఆ చిరాకు లక్షణాల్లోకే వస్తుంది. ఇవి వాడే పిల్లల బరువు, రక్తంలో చక్కెర గమనిస్తూ ఉండాలి.

కుంగుబాటు మందులు మొదలుపెట్టిన తొలివారాల్లో, మోతాదు మార్చినప్పుడు ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పిల్లల్లో, కౌమారుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అదే నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరించి, 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వరకు పొడిగించింది. అంతమాత్రాన భయపడి డాక్టరును అడగకుండా మందు ఆపేయడం ఇంకా ప్రమాదం. అల్ప్రజోలం వంటి మత్తు మాత్రలు కొందరిలో నిగ్రహాన్ని సడలిస్తాయి. బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవారిపై 1988లో వెలువడిన అధ్యయనంలో ఇది బయటపడింది. లిథియం వంటి మందులు మోతాదు మించితే ప్రాణం మీదకే వస్తుంది కనుక ఒకేసారి ఎక్కువ రోజులకు రాయకపోవడం, మాత్రలను పెద్దలు తమ దగ్గరే ఉంచుకోవడం మంచిది.

చికిత్సలో ప్రధాన భాగం మాటలదే. మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఉద్వేగాన్ని గాయం లేకుండా దాటడం నేర్పుతుంది. మన దేశంలో 2022లో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.