సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో స్వయం నిర్ణయ శక్తి

స్వయం నిర్ణయ శక్తి అనగా తనకు ఏమి కావాలో, ఏమి వద్దో తానే ఎంచుకొని, ఆ ఎంపికను ఇతరులకు తెలియజేయగల శక్తి. సెరిబ్రల్ పాల్సీ (మస్తిష్క పక్షవాతం) గల పిల్లలలో దీనిని పసితనం నుండే పెంపొందించవలసి ఉంటుంది. ఎదుగుతున్న మెదడుకు హాని కలగడం వలన, లేదా మెదడు సరిగా రూపొందకపోవడం వలన కదలికలు, శరీర భంగిమ దెబ్బతినే స్థితిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. ఇది అంటువ్యాధి కాదు.

సమస్య

ఈ పిల్లలకు తినిపించడం, బట్టలు తొడగడం వంటి పనులను ఎక్కువగా పెద్దలే చేస్తారు. పిల్లవాడు చేయి చాపేలోగానే వస్తువును అందిస్తారు. మాట స్పష్టంగా లేకపోతే ఆలోచన కూడా లేదని కొందరు పొరబడతారు. కాని మాటలోని స్పష్టత మేధస్సుకు కొలమానం కాదు. తన ప్రయత్నం వలన ఏదీ మారదని పదేపదే అనుభవమైన పిల్లలు క్రమంగా ప్రయత్నించడమే మానివేయవచ్చు.

సిద్ధాంతం

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషికి మూడు మౌలిక మానసిక అవసరాలు ఉంటాయి. అవి స్వేచ్ఛ, సామర్థ్యం, ఇతరులతో అనుబంధం. ఇక్కడ స్వేచ్ఛ అనగా ఎవరి సహాయమూ లేకుండా పని చేయడం కాదు. చొక్కా తొడిగేది తల్లి అయినా, ఏ చొక్కాయో ఎంచుకొన్నది బిడ్డ అయితే ఆ నిర్ణయం బిడ్డదే.

పెంపొందించే విధానాలు

* ఎంపిక: రెండు వస్తువులను ఎదుట ఉంచి ఒకటి ఎంచుకోమనాలి. చేయి చాపలేని బిడ్డ చూపుతోనే ఎంచుకోవచ్చు.
* నిరీక్షణ: కండరాలు సహకరించడానికి సమయం పడుతుంది. జవాబు వచ్చేవరకు పెద్దలు ఆగాలి.
* అవును, కాదు: ఒక్కొక్కదానికి ఒక సైగను నిర్ణయించి, ఇంటివారందరూ దానినే పాటించాలి.
* నిరాకరణ: వద్దన్నప్పుడు వీలైనంతవరకు మన్నించాలి. మందు వంటివి తప్పనిసరి అయినప్పుడు, ముందు మందా, నీళ్ళా అన్న ఎంపికనైనా ఇవ్వవచ్చు.
* కూర్చునే తీరు: నడుముకు, తలకు తగిన ఆసరా ఉంటే చేతులను, చూపును ఉపయోగించడం సులభమవుతుంది.
* బొమ్మల పలక: మాట రానివారు బొమ్మలను, గుర్తులను చూపి భావం తెలుపవచ్చు. చార్లెస్ బ్లిస్ రూపొందించిన గుర్తుల లిపిని 1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ బృందం ఇటువంటి పిల్లలకు నేర్పడం ప్రారంభించింది.

చట్టపరమైన హక్కు

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 7వ అధికరణం, తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును వికలాంగ బాలలకు గుర్తించింది. భారతదేశం దీనిని 2007లో ధ్రువీకరించింది. భారత పార్లమెంటు 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టంలోని 4వ సెక్షను కూడా ఈ హక్కును పేర్కొంటుంది. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో సెరిబ్రల్ పాల్సీ ఒకటి.