కుట్ల లెక్క

బ్రిటన్‌లో డయాగ్రమ్ ప్రైజ్ అని ఒకటుంది. అది పుస్తకానికిచ్చేది కాదు, పుస్తకం పేరుకిచ్చేది. ఆ ఏడాది అచ్చయిన వాటిల్లో ఏ పేరు మరీ వింతగా ఉందో దానికిస్తారు. 2009కి గాను దాన్ని గెలుచుకున్న పుస్తకం ‘క్రోషేయింగ్ అడ్వెంచర్స్ విత్ హైపర్బోలిక్ ప్లేన్స్’. రాసినావిడ డైనా టైమిన్యా, లాట్వియా నుంచి అమెరికా వెళ్లిన గణితశాస్త్రజ్ఞురాలు. క్రోషే అంటే మన గోదావరి జిల్లాల్లో లేసు అల్లిక అంటామే, అదే. ఒక కొక్కెం సూది, ఒక దారం. దానికీ జ్యామితికీ పొత్తేమిటని జనం నవ్వుకుని ఓట్లేసుంటారు. ఆ తరవాత, 2012లో, అదే పుస్తకానికి మాథమాటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా వాళ్లు ఆయిలర్ బుక్ ప్రైజ్ ఇచ్చారు. ఇది నవ్వులాటకిచ్చేది కాదు, గణితం మీద వచ్చిన మంచి పుస్తకాలకిచ్చేది.

ఈ రెండు బహుమతుల మధ్య దూరం గురించే నేను కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను.

లెక్కల పిచ్చినో, సైన్స్ ఫిక్షన్ పిచ్చినో ఇంట్లో కూర్చుని ఊలులోకి దింపేవాళ్లు కొత్తగా పుట్టుకు రాలేదు. 1971లో మైల్స్ రీడ్ అనే గణితజ్ఞుడు జ్యామితి తలాల్ని ఊలుతో ఎలా అల్లాలో కేంబ్రిడ్జి విద్యార్థుల పత్రిక ‘యురేకా’లో ఒక వ్యాసం రాశాడు. 1974లో బీబీసీ ‘డాక్టర్ హూ’ కోసం ఒక స్కార్ఫు అల్లమని బెగోనియా పోప్ అనే ఆవిడకి బోలెడంత ఊలు ఇస్తే, ఇచ్చినదంతా వాడాలి కాబోలనుకుని మొత్తం అల్లేసిందట. టామ్ బేకర్ మెడలోంచి నేల మీద ఈడ్చుకుంటూ పోయే ఆ స్కార్ఫు అలా పుట్టింది. దాన్ని చూసి ఎంతమంది అభిమానులు తమ ఇళ్లలో అలాంటిది అల్లుకున్నారో! ఇవన్నీ సరదా కబుర్లు. టైమిన్యా కథ మాత్రం సరదాతో ఆగదు.

కథ ముందు భాగం కాస్త వెనక్కెళ్లి చెప్పాలి. ఒక గీత, దాని మీద లేని ఒక బిందువు. ఆ బిందువు గుండా ఆ గీతకి సమాంతరంగా ఒకే ఒక్క గీత గీయగలం అని మనం బళ్లో చదువుకున్నాం. ఒకటి కాదు, లెక్కలేనన్ని గీయగల జ్యామితి కూడా తర్కానికి నిలుస్తుందని 1829లో రష్యాలో లొబచేవ్‌స్కీ, 1832లో హంగరీలో యానోష్ బొయాయ్ ఎవరికి వారే చూపించారు. ఆ జ్యామితి నడిచే చోటే హైపర్బోలిక్ తలం. కాగితం మీద సమీకరణాలు బాగానే ఉన్నాయి. మరి అది చూడ్డానికి ఎలా ఉంటుంది? ఇటలీలో బెల్ట్రామీ దానికి కాగితంతో నమూనా చేశాడు. అది పావియా విశ్వవిద్యాలయంలో ఇంకా భద్రంగా ఉంది. 1901లో హిల్బర్ట్ వచ్చి, ఆ తలాన్ని మొత్తంగా, నునుపుగా, మనముండే మూడు కొలతల చోటులో ఇమడ్చడం అసాధ్యమని రుజువు చేశాడు. ముక్క చెయ్యొచ్చు, మొత్తం కుదరదు.

ఆ ముక్క కూడా సరిగ్గా చేతికి రాలేదు. విలియం థర్‌స్టన్ కాగితపు కుట్టెలు, అంటే సన్నటి వంపు ముక్కలు, ఒకదానికొకటి టేపుతో అంటించి చూపించేవాడు. ఆయన దగ్గర్నుంచి కార్నెల్‌లో డేవిడ్ హెండర్సన్ దాన్ని నేర్చుకున్నాడు. పాఠం చెప్పడానికి నాలుగుసార్లు చేతులు మారితే ఆ కాగితం చిరిగి ఊరుకునేది. 1997లో ఒక వర్క్‌షాపులో ఆ నలిగిన నమూనాని చూసిన టైమిన్యాకి, చిన్నప్పుడు నేర్చుకున్న చేతిపని గుర్తొచ్చింది. ముందు రెండు సూదుల అల్లిక ప్రయత్నించింది. వరుస వరుసకీ కుట్లు పెరిగిపోయి సూదుల మీద పట్టలేదు. క్రోషేలో ఆ బాధ లేదు. ఎన్ని కుట్లున్నా సూది మీద ఉండేది ఒకటో రెండో ముళ్లే.

పద్ధతి ఎంత తేలికో చెప్తే నవ్వుతారు. ప్రతి ఐదు కుట్లకీ ఒక కుట్టు అదనంగా వేసుకుంటూ పోవాలి, అంతే. ఆ నిష్పత్తి ఎక్కడా మారకూడదు. 20 కుట్లతో మొదలుపెడితే రెండో వరుసకి 24, మూడో వరుసకి 28, 29. ఇరవై వరుసలు పెంచేసరికి సుమారు 760. చదునైన గుండ్రటి లేసులో అంచు నెమ్మదిగా, వరుసకి ఇన్నని పెరుగుతుంది. ఇందులో అంచు చక్రవడ్డీలా పెరుగుతుంది. పెరిగిన అంచుకి చదునుగా పడుకునే చోటుండదు కాబట్టి కోడిజుట్టు పువ్వులా ముడతలు పడుతుంది. దాన్ని మడతపెడితే ఆ మడతే సరళరేఖ. రంగుదారంతో దాని వెంట కుట్టుకుంటే, ఒక బిందువు గుండా ఒకటికి మించిన సమాంతర రేఖలు వేళ్లకి తగుల్తాయి. రెండు వేల ఏళ్ల వాదం తేలిన చోటు ఊలుముక్కలో కనిపిస్తుంది.

నేనూ ఒకటి అల్లాను. మధ్యాహ్నం మీటింగుల్లో, కెమెరా ఆపేసి. అది బల్లమీద ఉండగా నరసాపురం దగ్గర ఊరినుంచి వచ్చిన మా పిన్ని తీసి చూసింది.

“ఏంటే ఇదీ? కుట్లు ఎక్కువేసేశావ్, కుచ్చులు పట్టేసింది.”

“కావాలనే వేశాను పిన్నీ.”

“కావాలని ఎవరేస్తారే! ఇలా పట్టుకెళ్తే ఏజెంటు మొహాన కొడతాడు.”

ముప్ఫయ్యేళ్లకి పైగా లేసు అల్లిన మనిషి. కుట్లు నిష్పత్తి తప్పితే ఏ వరుసలో కుచ్చు మొదలవుతుందో, తగ్గితే ఎక్కడ గిన్నెలా లోపలికి వంగుతుందో చూడకుండా చెప్పగలదు. వక్రత అనే మాట ఆవిడకి తెలీదు. వక్రత తెలుసు. గణితజ్ఞులు చేతికి రాలేదంటున్న ఆకారం, ప్రపంచమంతటా ఆడవాళ్ల ఒళ్లో చెడిపోయిన ముక్కగా ఎప్పట్నుంచో పుడుతూనే ఉంది. విప్పేసి మళ్లీ అల్లేవాళ్లు.

నరసాపురం చుట్టుపక్కలకి ఈ పని పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి మారిన పేద మాల, మాదిగ ఆడవాళ్లు. తరవాత గడప దాటి పనికెళ్లడం మర్యాద కాదనుకునే కాపు కుటుంబాల్లోకి పాకింది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఒకరు అతుకుతారు, ఇంకెవరో విదేశాలకి పంపుతారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి, వీళ్లతో మాట్లాడి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే పుస్తకం వేసింది. ఆవిడ తేల్చిన సంగతి ఇది: ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న ఆడవాళ్లని వ్యాపారులూ, ప్రభుత్వమూ, ఇంట్లో మగవాళ్లూ కూడా గృహిణులనే పిలిచారు. తీరిక వేళల్లో చేసే పని అన్నారు. ఆ మాట చాటునే కూలి అంత తక్కువగా నిలిచింది. నా మటుకు, మన ప్రాంతం గురించి వచ్చిన పుస్తకాల్లో తెలుగు పాఠకులు ఇంకా సరిగా చదవని ముఖ్యమైన పుస్తకమది.

టైమిన్యా మీద నాకు ఫిర్యాదేం లేదు. ఆవిడ చేతిపనిని దాచుకోలేదు, పుస్తకం పేరులోనే పెట్టుకుంది. ఆవిడ పద్ధతిని తీసుకుని లాస్ ఏంజలిస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కాచెల్లెళ్లు 2005లో ఊలు పగడపు దిబ్బ మొదలుపెట్టారు. వాళ్లు పుట్టిపెరిగిన ఆస్ట్రేలియాలో అసలు దిబ్బ వేడికి తెల్లబడిపోతోంది. పగడాలదీ హైపర్బోలిక్ వంపే. నిష్పత్తి కాస్త అటూ ఇటూ చేస్తే చాలు, ఒక్కో ముక్కా ఒక్కో జీవిలా తయారవుతుంది. వేల మంది, ఎక్కువగా ఆడవాళ్లు, ఇళ్లలో అల్లి పంపిన ముక్కల్తో పెరిగిన ఆ దిబ్బ 2019లో వెనిస్ బియెనాలే దాకా వెళ్లింది.

బ్రిస్టల్‌లో హింకె ఒసింగా సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆవిడ సెలవుల్లో ఏదో అల్లుకుంటుంటే సహచరుడు బెర్న్ట్ క్రౌస్కాఫ్, పనికొచ్చేదేదైనా అల్లకూడదా అన్నాడట. ఆయనా గణితజ్ఞుడే. ‘పనికొచ్చేది’ అంటే వాళ్లిద్దరికీ తట్టింది వాతావరణం గురించిన లోరెంజ్ సమీకరణాల్లోంచి పుట్టే ఒక తలం! కంప్యూటర్లో లెక్కగట్టిన దాన్నే కుట్లకి సూచనలుగా మార్చి అల్లి, 2004లో ఇద్దరూ కలిసి పత్రం అచ్చువేశారు. అందులో లెక్క పక్కాగా ఉంది: 25,511 కుట్లు, 85 గంటలు.

ఆ అంకె పిన్నికి చెప్పాను. గంటలు ఎవరు రాసుకున్నారని అడిగింది. తనే రాసుకుందని చెప్పాను. మేం గంటలెప్పుడూ చూసుకోలేదు, దారం ఉండ అయిపోయిందా లేదా అనే చూసేవాళ్లం అంది. తరవాత నా ముక్కని మళ్లీ చేతిలోకి తీసుకుని, అంచు పట్టుకుని, “ఐదుకొకటి కదూ వేశావ్?” అంది.