తెరచాటు వీడ్కోలు: దేశింగురాజు కథాగానం, జారుతంతి వాద్యాలు

ఉపోద్ఘాతం

పల్నాటి కథ, బొబ్బిలి కథ, దేశింగురాజు కథ మొదలైనవాటిని వీరగాథలుగా వర్గీకరించడం తెలుగు పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. తంగిరాల వెంకట సుబ్బారావు వంటి పరిశోధకులు ఈ గాథల వస్తువును, రచనను లోతుగా పరిశీలించారు. అయితే వీటిలో యుద్ధం ఎంత ముఖ్యమో, యుద్ధానికి ముందటి వీడ్కోలు కూడా అంతే ముఖ్యం. బాలచంద్రుడు మాంచాల వద్ద సెలవు తీసుకునే ఘట్టం లేకుండా పల్నాటి కథ లేదు. ఈ దృష్టితో చూస్తే వీరగాథ యుద్ధకాలపు ప్రేమగాథ కూడా అవుతుంది. దేశింగురాజు కథను ఆధారంగా తీసుకొని, ఇటువంటి ఘట్టంలో మాటకూ స్వరానికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ, చరిత్ర, ప్రాంతం

దేశింగురాజు చరిత్రలోని తేజ్‌సింగ్. ఇతడు సెంజి కోటను ఏలిన బుందేలా రాజపుత్రుడు స్వరూప్‌సింగ్ కుమారుడు. ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖానుకు కప్పం కట్టడానికి నిరాకరించి, 1714లో జరిగిన యుద్ధంలో చిన్న వయసులోనే మరణించాడు. రాణి సహగమనం చేసింది. రాణిపేట ఊరి పేరు ఆమె జ్ఞాపకంగా ఏర్పడినదేనని ప్రతీతి.

ఈ చరిత్రకూ నేటి సదుం, పుంగనూరు ప్రాంతానికీ ఉన్న దూరం పటంలో కనిపించేటంత కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. తెలుగు, తమిళం కలిసి వినిపించే ఈ నేలలో ఆర్కాటు నవాబు పేరు పరాయిది కాదు. దేశింగు కథ కూడా రెండు భాషలలోనూ గానరూపం పొందింది.

కథలో మిత్రుడైన ముస్లిం యోధుడు పెళ్ళిపీటల మీదనుంచి లేచి యుద్ధానికి వస్తాడు. దేశింగు తన భార్య వద్దకు సెలవు కోసం వెళ్తాడు. వారిద్దరి మధ్య తెర ఉంటుంది. ఈ ఘట్టంలో చెప్పుకోవడానికి మాటలు తక్కువ. ఉన్న కొద్ది మాటలకు బరువునిచ్చేది గాయకుడి గొంతు.

కథాగానంలో తంతి, గొంతు

బుర్రకథలో ప్రధాన కథకుని భుజాన తంబుర, చేతికి అందెలు ఉంటాయి. వంతల చేతిలో గుమ్మెటలు ఉంటాయి. తంబుర ఆధారశ్రుతిని, లయను అందిస్తుంది, రాగాన్ని పలికించదు. గుమ్మెట దరువు వేస్తుంది. కాబట్టి రాగభారమంతా కంఠం మీదనే పడుతుంది. శోకఘట్టంలో దరువు ఆగి కథకుడు పదాంతంలోని అచ్చును సాగదీసినప్పుడు, స్వరం ఒక స్థానంనుంచి మరొక స్థానానికి మెట్లు ఎక్కదు, జారుతుంది. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగియడం ఈ జారుడుకు అనుకూలించే భాషాలక్షణం.

ఈ జారుడును ముద్రిత ప్రతి చూపలేదు. మెట్లకు కట్టుబడిన వాద్యమూ చూపలేదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాలలో గమకాన్ని పలికించలేకపోవడం ఒకటి. దాదాపు మూడు దశాబ్దాలపాటు ఆ నిషేధం కొనసాగింది. దీనికి ఎదురుగా నిలిచేవి జారుతంతి వాద్యాలు. దక్షిణాదిన గోటువాద్యం, ఉత్తరాదిన విచిత్రవీణ ఈ కోవలోనివి. వీటికి మెట్లు ఉండవు. కర్ర లేదా గాజు ముక్కను తంతిపై జరుపుతూ వాయిస్తారు.

హవాయి నుంచి పెడల్ స్టీల్ దాకా

పసిఫిక్ దీవుల్లో ఇదే సూత్రం గిటారుపైకి వచ్చింది. 1880ల చివర హవాయికి చెందిన జోసెఫ్ కెకుకు ఉక్కుకడ్డీతో తంతులను జార్చే పద్ధతిని రూపొందించాడని సాధారణంగా చెబుతారు. ఆ వాద్యం రెండవ ప్రపంచయుద్ధకాలానికి కలకత్తాలో గట్టిగా వేళ్ళూనుకొంది. తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా వంటివారు దానిని హిందుస్తానీ సంగీతానికి అనువుగా మలిచారు.

అమెరికాలో ఇది పెడల్ స్టీల్ గిటారుగా మారింది. 1953లో బడ్ ఐజాక్స్ ఒక పాట రికార్డింగులో తంతి మోగుతూ ఉండగానే పెడల్ నొక్కి స్వరాన్ని మార్చాడు. మరుసటి సంవత్సరం ఆ పాట ప్రజాదరణ పొందడంతో ఈ ధోరణి వ్యాపించింది. సాధారణంగా పది తంతులుండే ఈ వాద్యంలో ఎడమచేతి కడ్డీ అన్ని తంతులనూ కలిపి జారుస్తుంది. కాలి పెడల్, మోకాలి మీట మాత్రం ఎంపిక చేసిన తంతుల స్వరాన్నే పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. అంటే ఒక తంతి నిలిచి ఉండగా మరొకటి దానివైపు వంగుతుంది. కథకుని తంబుర నిలిచి ఉండగా గొంతు దానివైపు జారడంతో దీనిని పోల్చవచ్చు. బుర్రకథలో భుజం మీదా గొంతులోనూ విడివిడిగా ఉన్న పని ఇక్కడ ఒకే వాద్యంలో జరుగుతుంది.

మాట లేని ప్రేమగాథ

యుద్ధకాలపు ప్రేమగీతం భాష దాటిపోగలదనడానికి ప్రసిద్ధ ఉదాహరణ జర్మన్ పాట 'లిలీ మార్లీన్'. 1915లో హాన్స్ లైప్ రాసిన కవితకు 1938లో నార్బర్ట్ షుల్ట్సే బాణీ కట్టాడు. 1941 నుంచి బెల్‌గ్రేడ్ రేడియో దానిని ప్రసారం చేయగా, రెండు వైపుల సైనికులూ విన్నారు. శత్రువు భాష అర్థం కాకపోయినా బాణీ అర్థమైంది. అటువంటి పాటను స్టీల్ గిటారుపై వాయించినప్పుడు మాట పూర్తిగా తొలగిపోతుంది, వీడ్కోలు మిగులుతుంది.

అయితే ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. 'లిలీ మార్లీన్'ను మాట లేకుండా వాయించినా శ్రోత గుర్తిస్తాడు. అందుకు కారణం ఆ బాణీ రికార్డులలో భద్రంగా ఉండటం. దేశింగు కథ సంగతి వేరు. అది అచ్చయింది, గొంతు అచ్చు కాలేదు. కథకుడు లేకపోతే తెరచాటు ఘట్టం పుస్తకంలో రెండు మూడు పంక్తుల సమాచారంగా మిగిలిపోతుంది.

ముగింపు

ఇదే ప్రాంతంలో దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన' పాడగా, సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరలిపిలోకి ఎక్కించారు. పాశ్చాత్య స్వరలిపికి గమకం విషయంలో పరిమితులున్నా, బాణీని కూడా సాహిత్యంతో సమానంగా పదిలపరచాలన్న ఎరుక అక్కడ కనిపిస్తుంది.

తెలుగు శాఖలలో జరిగే వీరగాథా పరిశోధన ఈ ఎరుకను అందిపుచ్చుకోవలసి ఉంది. పాఠపరిష్కరణతోపాటు ధ్వనిముద్రణ కూడా పరిశోధన ఆధారంగా గుర్తింపు పొందాలి. ఏ అచ్చు ఎంతసేపు సాగింది, ఏ స్వరంనుంచి ఏ స్వరానికి జారింది, దరువు ఎక్కడ ఆగింది అన్నవి పాఠభేదాలతో సమానంగా నమోదు కావాలి. దేశింగు, రాణిల మధ్య కథ వేలాడదీసిన తెరకు అటూ ఇటూ వినిపించింది గొంతే. ఆ గొంతును నమోదు చేయని పాఠం ఎంత శుద్ధమైనదైనా అసంపూర్ణమే.